ఏ గ్రూపు?

1983ల నేను పదో తరగతి పాసయిన. మా ఇంట్ల పది పాసయిన మొదటోన్ని నేనే. జూన్ నెలల ఒకనాడు పొద్దుగాలనే నాయినా నేనూ బోరంచ నుంచి బయలెల్లినం. మా తాలూకా నారాయణఖేడ్ దాటి, ఎస్సీ హాస్టల్ ఉన్న ఇంకో ఊరికి పోయినం. అక్కడి కాలేజీల అడ్మిషన్లు జరుగుతున్నయి.

కిటికీ అవతల కూసున్న గుమస్తా నా ఫారం తీసుకున్నడు. పేరు చూసిండు, కులం సర్టిఫికెట్ చూసిండు. మార్కుల మెమో మాత్రం చూడలేదు.

"ఏ గ్రూపు?" అన్నడు.

"బైపీసీ సార్" అన్న.

"బైపీసీ నీకెందుకురా? రికార్డులు కొనాలె, లాబుల నిలబడాలె. ఫెయిలైతవ్. హెచ్‌ఈసీ రాసుకో. పాసైతవ్, స్కాలర్‌షిప్ వస్తది."

తిట్టలేదు. నవ్వుకుంటనే చెప్పిండు. నాయిన దిక్కు చూసి "ఏమంటవే?" అన్నడు. నాయిన చేతులు కట్టుకొని "మాకేమెర్క సారూ, నౌకరొచ్చేది రాయుండ్రి" అన్నడు. గుమస్తానే నా ఫారం మీద హెచ్‌ఈసీ అని రాసిండు. కింద నాయిన వేలిముద్ర ఏసిండు. అట్ల నేను చరిత్ర విద్యార్థినయిన.

నేను బైపీసీ అన్నది డాక్టరు కావాలని కాదు. మా నాయిన తోలు పని చేసేటోడు. ఇంటెనుక లంద ఉండె. పచ్చి తోలును సున్నం నీళ్ల నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లల్ల రోజులకు రోజులు ఊరేస్తే అది కుళ్లకుండ చెప్పుకు, మోట తొండానికి, ఎడ్ల వార్లకు పనికొస్తుండె. సున్నం ఏస్తే వెంట్రుక ఎందుకు ఊడుతది? తంగేడు చెక్కల ఏముందని తోలు కుళ్లదు? చిన్నప్పటి సంది నాకు ఇదే పరేషాన్. బడిల సైన్సు సారు ఆమ్లాలు, క్షారాలు చెప్తుంటే మా లంద యాదికొచ్చేది. లేచి అడుగుదామంటే సిగ్గు. లంద పేరెత్తితే పక్క బెంచి పోరలు ముక్కు మూసుకుంటరు.

చాన ఏండ్లకు తెలిసింది, తంగేడు చెక్కల ఉండేది టానిన్ అని. అది తోలుల ఉండే మాంసకృత్తులను పట్టుకొని కుళ్లనియ్యదు. 1948ల మద్రాసుల కేంద్ర తోలు పరిశోధన సంస్థనే పెట్టిండ్రు. ఇంజనీరింగుల లెదర్ టెక్నాలజీ అనే చదువే ఉంది. అదే పని లందల చేస్తే అంటు, లాబుల చేస్తే డిగ్రీ. మా నాయిన పనికి కాలేజీల ఒక సబ్జెక్టు ఉందన్న సంగతి కిటికీ ఇవతల నిలబడ్డ మా ఇద్దరికీ తెల్వది. ఆయన చేతుల ఉన్న విద్యనే పక్కకు పెట్టి, మీకు సైన్సు రాదన్నరు.

ఎవలు ఏం చదవాలె అన్నది ఈ దేశంల చదివేటోడు తేల్చుకున్నది తక్కువ. కులం తేల్చింది, రాజు తేల్చిండు. మా ఊరి సంగతే చూడుండ్రి. నిజాం ఏలుబడిల మా నారాయణఖేడ్ బీదరు జిల్లా కింద ఉండె. 1956ల మెదక్ జిల్లాల కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఇంట్ల తెలుగు, అంగడిల కన్నడం, మరాఠీ, కచేరిల ఉర్దూ. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు చదువంత ఉర్దూలనే. దేశ భాషల చెప్పే యూనివర్సిటీ అని దానికి గొప్ప పేరు. మా ఇంట్ల మటుకు మా నాయినకు అలీఫ్ బే రాలేదు, అఆలూ రాలేదు. హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి అంటరానోళ్ల పిల్లలకు బడులు పెట్టుకుంట వచ్చిండు. పట్నంల వెలిగిన ఆ దీపం మంజీర ఒడ్డున ఉన్న మా గుడిసె దాక రాలేదు.

నేను అంబేడ్కర్‌ను చదివింది కాలేజీ పాఠంల కాదు. పాఠంల ఆయన గురించి ఉన్నది రాజ్యాంగం రాసిండు అన్న ఒక్క ముక్కనే. 1985 జులై 17న కారంచేడుల మాదిగలను నరికి చంపినంక మా హాస్టళ్లల్ల మీటింగులు మొదలైనయి. చేతులు మారుకుంట వచ్చిన పుస్తకాలల్ల ఆయన చదువు సంగతి చదివిన. చదువుతుంటే నా కిటికీనే కనబడ్డది.

బొంబాయిల హైస్కూలు చదివేటప్పుడు ఆయన సంస్కృతం తీసుకుంటనన్నడు. అంటరాని పిల్లగానికి సంస్కృతం చెప్పం అన్నరు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1912ల బీయే పాసయింది కూడ ఇంగ్లీషు, పర్షియన్లతోనే. సంస్కృతం పట్టుబట్టి తర్వాత సొంతంగ నేర్చుకోవలసి వచ్చింది. 1946ల 'శూద్రులెవరు' పుస్తకం తెచ్చినప్పుడు, సంస్కృత పండితుడు కానోడు శాస్త్రాల జోలికి ఎట్ల వస్తడు అని అడుగుతరని ఆయనకు ఎరుకనే. ముందుమాటల్నే దానికి జవాబు చెప్పిండు. ముందు చదవనియ్యరు, తర్వాత చదవలేదు కద అని అడుగుతరు. ఇది వాళ్ల పద్ధతి.

1913ల బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఆయన అమెరికాల కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. ఆ కాయితం మీద కూడ షరతులున్నయి. ఒప్పుకున్న సబ్జెక్టులు చదవాలె, తిరిగొచ్చి పదేండ్లు సంస్థానంల నౌకరి చెయ్యాలె. అయినా అక్కడ ఆయన తీసుకున్న కోర్సుల లెక్క చూడుండ్రి. అర్థశాస్త్రంల 29, చరిత్రల 11, సమాజశాస్త్రంల 6, తత్వశాస్త్రంల 5, మానవశాస్త్రంల 4, రాజనీతిల 3. ఎమ్మే పట్టా 1915ల అర్థశాస్త్రంల వచ్చింది. కులం పుట్టుక మీద వ్యాసం మటుకు 1916 మే 9న మానవశాస్త్రం సెమినార్ల చదివిండు. సబ్జెక్టుల నడుమ కట్టిన గోడలు ఆయన లెక్కచెయ్యలేదు. ఆయన ప్రశ్న ఒక్కటే. దానికి జవాబు ఏ సబ్జెక్టుల ఉంటే ఆ సబ్జెక్టుకు పోయిండు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది 1942 అక్టోబరు 29 నాటి వినతిపత్రం. అప్పటికి ఆయన వైస్రాయ్ కౌన్సిల్ల కార్మిక శాఖ చూస్తున్నడు. అంటరాని కులాల బాధలన్ని అండ్ల రాసి వైస్రాయ్‌కే ఇచ్చిండు. చదువు సంగతి కాడ ఏమన్నడంటే, ఆర్ట్స్, లా చదువులు మనోళ్లకు పెద్దగ అక్కరకు రావు. సైన్సుల, టెక్నాలజీల పెద్ద చదువులు కావాలె. అవి మనోళ్ల తాకత్తుకు మించిన చదువులు గనుక సర్కారే పైసలు పెట్టాలె. ఆర్ట్స్ తక్కువ అని ఆ మాటకు అర్థం కాదని నేననుకుంట. ఆయనే అర్థశాస్త్రం, లా చదివినోడు. లాబూ యంత్రమూ ఎప్పటికీ పై కులాల చేతులల్లనే ఉంటే మనం ఎప్పటికీ కింద పనోళ్లమే అయితమని ఆయన బాధ.

1944ల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. నలభై ఏండ్లకు నేను హాస్టల్ల అన్నం తిన్నది దాని మీదనే. ఏ చదువు కావాలని ఆయన అడిగిండో ఆ చదువును కిటికీ కాడ్నే ఆపిండ్రు. పైసలు మటుకు ఇచ్చిండ్రు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి కూడ ఆ రోజు నాకెవ్వలూ చెప్పలేదు. ఇంటర్ల ఎంపీసీ, బైపీసీ చదివినోడు డిగ్రీల బీయేకు రావచ్చు. హెచ్‌ఈసీ చదివినోడు డాక్టరుకూ ఇంజనీరుకూ పోలేడు. ఆ దర్వాజ ఒక్క దిక్కే తెరుచుకుంటది. పదిహేనేండ్ల పోరని ముంగట దాన్ని మూస్తే, మూసిండ్రని కూడ వానికి తెల్వది. 1990ల మండల్ లొల్లప్పుడు "మీ సీట్లు సైన్సుల నిండనే నిండయ్ కద" అని నా మొఖం మీదనే అన్నోళ్లున్నరు. కిటికీ కాడ్నే మలిపితే ఎట్ల నిండుతయి?

తర్వాత గాలి మారింది. ఉమ్మడి రాష్ట్రంల ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నాటికి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు ఊర్లకొచ్చినయి. పదో తరగతి రిజల్టు రాంగనే కాలేజీల మనుషులు ఇంటికొచ్చి "ఎంపీసీ రాయి" అనుడు మొదలైంది. మంచిదే, మా పిల్లలు ఇంజనీర్లయిండ్రు, కొందరు దేశాలు దాటిండ్రు. కని ఒకప్పుడు వద్దని తోసిండ్రు, ఇప్పుడు రమ్మని గుంజుతున్నరు. పిల్లను మటుకు నీకేమిష్టమని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడుగుతలేరు.

ఇది నేను ఇతరులను అంటున్న మాట కాదు. మొన్న మా అక్క మనుమరాలు పది పాసయింది. మంచి మార్కులు. "తాతా, నేను హెచ్‌ఈసీ తీసుకుంట. హిస్టరీ చదువుత" అన్నది.

"హిస్టరీ నీకెందుకే? దానితోని ఏం తింటవ్?" అన్న.

"నువ్వు తినలేదా తాతా?" అన్నది.

ముప్పై ఏండ్లు హిస్టరీ పాఠాలు చెప్పి బతికినోన్ని, నా నోట్లకెల్లి ఆ గుమస్తా గొంతు వచ్చింది. ఆయన లెక్కనే నవ్వుకుంట అన్న. ఆమె మార్కుల మెమో నా చేతులనే ఉంది, నేను కూడ చూడలేదు.

అప్పుడు కూసొని ఒక కాయితం మీద గ్రూపులన్ని రాసిన. ఏది చదివితే ఏ దర్వాజ తెరుచుకుంటది, ఏది మూసుకుంటది అన్ని చెప్పిన. ఒక్క దిక్కే తెరుచుకునే ఆ దర్వాజ సంగతి రెండుసార్లు చెప్పిన. 1942 వినతిపత్రం సంగతి చెప్పిన. కొలంబియాల చరిత్ర కోర్సులు 11 అని కూడ చెప్పిన. లంద సంగతి చెప్తుంటే ముక్కు మూసుకోలేదు. "తంగేడు చెక్క ఎన్ని రోజులు నానేస్తరు తాతా?" అని అడిగింది. ఎన్ని రోజులో నాకే సరిగ యాదికి లేదు. నాయిన ఉంటే చెప్పేటోడు.

"రెండు రోజులు ఆలోచించుకుంట" అని కాయితం మడతపెట్టుకొని పోయింది. ఫారం ఇంక ఖాళీగనే ఉంది. ఏ గ్రూపు అయినా ఆమెనే రాస్తది. మా నాయిన వేలిముద్ర ఏసిన జాగల ఈసారి నేను సంతకం పెడుత, ఆమె రాసినంకనే.