పావుగంట పరీక్షకు అందని విషం: సిప్రోఫ్లాక్సాసిన్, పటాన్‌చెరు బురద

పారిశ్రామిక వ్యర్థజలాల నివేదికల్లో ‘సూక్ష్మజీవులపై నిరోధం లేదు’ అని ఒక పేరాలో రాసి, తర్వాతి పేరాకల్లా దాన్ని ‘హాని లేదు’గా మార్చేస్తున్నారు. ఈ రెండూ ఒకటి కావు. పటాన్‌చెరు దగ్గరి ఇసకవాగు బురద నమూనాలు చూస్తున్నప్పటి నుంచీ నాకొక అనుమానం ఉంది. మందుల పరిశ్రమ వ్యర్థం విషయంలో మన పరీక్షలు కొలుస్తున్నది విషాన్ని కాదు, ఆ విషానికి అలవాటుపడి మిగిలిన జీవులను.

‘నిరోధం లేదు’ను ‘హాని లేదు’గా చదివే పొరపాటుకు ఒక మూలం 1979లో బులిక్ ప్రతిపాదించిన దీప్తి బ్యాక్టీరియా పద్ధతిలో ఉంది. తర్వాత మైక్రోటాక్స్‌గా స్థిరపడిన ఆ పద్ధతిని వేగం, చవక అన్న రెండు గుణాలకే అందరూ నెత్తిన పెట్టుకున్నారు. విబ్రియో ఫిషరీ వెలుగు 5, 15, 30 నిమిషాల్లో ఎంత తగ్గిందో చూస్తే చాలన్నారు. ఆ వెలుగు కణంలో అప్పటికే తయారై ఉన్న లూసిఫరేజ్ నుంచి, క్షయీకృత ఫ్లావిన్ నుంచి, ఆక్సిజన్ నుంచి వస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే క్వినోలోన్ యాంటీబయాటిక్ వీటి జోలికి పోదు. అది డీఎన్‌ఏ గైరేజ్‌ను పట్టుకుని ప్రతికృతిని ఆపుతుంది. దెబ్బతిన్న కణం ఆ పావుగంటా మామూలుగానే వెలుగుతుంది. విత్తనం పుచ్చిందో లేదో మొలక వేళ తెలుస్తుంది గానీ గింజ రంగు చూస్తే తెలియదు. క్వినోలోన్ల తీవ్రత 24 గంటల దీప్తి పరీక్షలోనే బయటపడుతుందని బాక్‌హాస్, గ్రిమ్మే 1999లోనే చూపారు. ఆ తర్వాత కూడా పావుగంట అంకెనే ఉదహరించడం ఇక సమర్థించలేని పని.

ఓఈసీడీ 209 శ్వాసక్రియా నిరోధ పరీక్షదీ ఇదే లోపం. దాని వ్యవధి 3 గంటలు. ప్రమాణ పదార్థం 3,5-డైక్లోరోఫినాల్, కణం శక్తి ఉత్పత్తినే నేరుగా దెబ్బతీసే రకం. తనకు కనిపించే విషాన్నే గీటురాయిగా పెట్టుకున్న పరీక్ష ఇది. సైనైడ్ లాంటి శ్వాస విషాలకు ఇది చక్కగా సరిపోతుందన్న మాట నిజమే.

ఇక పటాన్‌చెరు సంగతి. దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థాన్ని తీసుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో లార్సన్ బృందం ప్రకటించింది. కొన్ని బ్యాక్టీరియాలకు హాని చేసే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాట. అయినా అక్కడి స్లడ్జ్ శ్వాసిస్తూనే ఉంది, సేంద్రియ భారాన్ని తగ్గిస్తూనే ఉంది. ఎలా? జవాబుకు గట్టి సూచన కేంద్రానికి దిగువన ఇసకవాగు అడుగున దొరికింది. క్వినోలోన్, సల్ఫొనమైడ్, బీటా-లాక్టమ్ నిరోధక జన్యువులు, వాటిని కణం నుంచి కణానికి మోసే ఇంటిగ్రాన్‌లు, ప్లాస్మిడ్‌లు ఆ మడ్డిలో పెద్ద ఎత్తున ఉన్నాయని 2011లో క్రిస్టియాన్సన్ బృందం జన్యుక్రమాలతో చూపింది. చావాల్సినవి ఎప్పుడో చచ్చాయి. ఇప్పుడు శ్వాసిస్తున్నవి తట్టుకున్నవే. అలాంటి స్లడ్జ్‌నే బీజంగా వేసి 209 పరీక్ష చేస్తే ఈసీ50 (సగం నిరోధానికి కావలసిన గాఢత) ఎక్కువగా కాక ఇంకెలా వస్తుంది? ఆ పెద్ద అంకె భద్రతకు గుర్తు కాదు, జరిగిపోయిన నష్టానికి సాక్ష్యం. కాబట్టి యాంటీబయాటిక్ పరిశ్రమలు చూపే స్వల్పకాలిక నిరోధ పత్రాలను భద్రతకు రుజువుగా తీసుకోలేం.

ఏ పరీక్షకైనా మందు సోకని ఊరి మురుగు స్లడ్జ్‌ను, కేంద్రం స్లడ్జ్‌ను పక్కపక్కనే పెట్టాలి. వ్యవధి 24 గంటలకు తగ్గకూడదు. శ్వాసతో పాటు కణ విభజనను, క్వినోలోన్ నిరోధక క్యూఎన్ఆర్ జన్యువుల సంఖ్యను కూడా లెక్కించాలి. బీజం ఎక్కడిదో రాయని నివేదికను కాలుష్య నియంత్రణ మండళ్లు వెనక్కి పంపాలి.