మొల్ల యను పేరు

ఆతుకూరి మొల్ల నెఱుఁగని తెలుఁగువాఁ డరుదు. కూఁతురికి మొల్ల యని పేరిడువాఁ డంతకంటె నరుదు. మల్లికలు మాత్రము పెక్కుండ్రు గలరు. ఈ రెండును నొక్కటే యనియు, మల్లికా శబ్దభవమే మొల్ల యనియుఁ దలంచుట పొరపాటు.

మల్లికకుఁ దెలుఁగు మల్లె. అందు మకారముమీఁది యకారము చెక్కుచెదరలేదు. మొల్లయం దది యొకారమగుటకు హేతువు గానరాదు. మఱి తమిళమున ముల్లై, మలయాళమున ముల్ల, కన్నడమున మొల్లె కలవు. అకారము పరమగునపు డుకారము తెలుఁగు కన్నడములం దొకారమగుట కలదు. తమిళపుఁ గుళము తెలుఁగునఁ గొలను, కన్నడమునఁ గొళ. ఇకారము పరమైనచో మార్పు లేదు. పులి తమిళమునను దెలుఁగునను బులియే. 1961లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువునందును మొల్ల ముల్లైతోడనే కూర్పఁబడినది. కావున నిది దేశ్యము.

పూవులును వేఱు. మల్లె వేసవిది, మొల్ల చలికాలపుది, సంస్కృతకవుల కుందము. పలువరుసకు మొల్లమొగ్గల నుపమించుట యందుచేతనే.

కవయిత్రి తన కవిత్వము శ్రీకంఠమల్లేశుని వరమని చెప్పినది గదా, పేరును నా దేవునిదే కాఁగూడదా యన్నచో, అందులకు మల్లమ్మ యుండనే యున్నది. పేరు చిన్నదని కాఁబోలు, మొల్లమాంబ యని పెంచినవారును గలరు. ఆమె గద్యలో నున్నది మొల్లయే.