ప్లైవుడ్ తెరచాప పడవ

ఒకరిద్దరు కూర్చోవడానికి సరిపడేలా, ఇంటి ముంగిట్లోనో షెడ్డులోనో ప్లైవుడ్ పలకలు కోసి అతికి, గాలివాటున నడిచేట్టు కట్టుకునే చిన్న పడవ. పొడవు సాధారణంగా 2 నుంచి 4 మీటర్ల దాకా ఉంటుంది. నరసరావుపేటలో ‘మెరైన్ ప్లై’ అనగానే ఎవరికైనా వంటింటి అలమరలే గుర్తొస్తాయి. పేరులోని సముద్రం మాత్రం ఉత్తుత్తిది కాదు.

పల్నాడుకు పడవ కొత్త కాదు, తెరచాపే అరుదు. కృష్ణలో చేపలు పట్టేవాళ్లది పుట్టి. వెదురుబద్దల గుల్లకు ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగి, ఒంటి తెడ్డుతో నడుపుతారు. మనుషుల్ని, బండ్లను ఏరు దాటించేది బల్లకట్టు. రెంటికీ గాలితో పనిలేదు. అయినా రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో శాతవాహనులు నాణేలు వేయించారు. అవి యజ్ఞశ్రీ శాతకర్ణివని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉండేది. పులుమావి పేరు చదివినవారూ ఉన్నారు. ఇలాంటి నాణేలు తూర్పు తీరంలోనే దొరుకుతుండటం వల్ల, రాజు ఎవరైనా ఓడ మాత్రం మన రేవులదే అనుకోవడం సబబు.

పలుచని చెక్క పొరలను అడ్డంగా, నిలువుగా పేర్చి అతికే పద్ధతి పాతదే. పడవకు పనికిరాకపోవడానికి కారణం జిగురు: తడిస్తే పొరలు విడిపోయేవి. 1930లలో అమెరికాలో ఫినాల్ రెజిన్‌తో నీళ్లకు చెక్కుచెదరని ప్లైవుడ్ వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో నార్మన్ డి బ్రూయిన్ ‘ఏరోలైట్’ జిగురు తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో ‘మస్కిటో’ యుద్ధవిమానాల చెక్కలను అతికింది అదే. మన ఇళ్లలో విరిగిన ప్రతిదానికీ పూసే అరల్డైట్ కూడా ఆయన సంస్థ నుంచి వచ్చిందే. యుద్ధం ముగిశాక ఈ ప్లైవుడ్డూ జిగురూ సామాన్యుడి చేతికి అందాయి. ఇంటి పడవల కాలం అక్కడ మొదలైంది.

వీటిలో బాగా పేరున్నది ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్ ఊళ్లో, ఆప్టిమిస్ట్ క్లబ్ వాళ్లు పిల్లల కోసం 50 డాలర్లు మించని పడవ కావాలన్నారు. క్లార్క్ మిల్స్ గీసిచ్చాడు. ఒకటిన్నర రోజులో కట్టేశాడని కూడా అంటారు గానీ, ఆ మాట కాస్త తగ్గించి వినాలి. దాని మొద్దు ముక్కు అందం కోసం పెట్టింది కాదు. ప్లైవుడ్ షీటు 8 అడుగులే కాబట్టి, ముక్కు కోసుగా తీయబోతే పలక చాలదు. పొడవు 2.36 మీటర్లు, వెడల్పు 1.13 మీటర్లు, పడవ బరువు 35 కిలోలు. 1954 ప్రాంతంలో ఆక్సెల్ డామ్‌గార్డ్ దీన్ని డెన్మార్క్‌కు తీసుకువెళ్లాడు. అక్కణ్నుంచి యూరప్ అంతటా పాకింది. ఇప్పుడు పోటీలకు వాడేవన్నీ దాదాపు ఫైబర్‌వే. అందులో పోటీపడే పిల్లలు 15 ఏళ్లలోపువాళ్లు.

పెద్దవాళ్ల ముచ్చట తీర్చింది మిర్రర్. లండన్ పత్రిక ‘డైలీ మిర్రర్’ కోసం జాక్ హోల్ట్, టీవీలో ఇంటిపనులు నేర్పే బారీ బక్నెల్ కలిసి రూపొందించారు. పుట్టిన ఏడు 1962 అని కొందరు, 1963 అని కొందరు రాస్తారు. గీసిన ఏడు, జనానికి చూపిన ఏడు వేర్వేరు కావడమే ఈ తేడాకు కారణం కావచ్చు. పొడవు 3.3 మీటర్లు, తెరచాపలు ఎరుపు. 70 వేలకు పైగా తయారయ్యాయని లెక్క. దీని కిటుకు కుట్టులో ఉంది. కోసిన పలకల అంచుల్లో చిన్న బెజ్జాలు వేసి, రాగితీగతో కుట్టి, లోపల అతుకుల వెంట ఫైబర్‌గ్లాస్ పట్టీ పరిచి రెజిన్ పూస్తారు. అది గట్టిపడ్డాక బయట మిగిలిన తీగను కత్తిరించేస్తారు. కుట్టు అచ్చుగా పనికొస్తుంది, బలమంతా పట్టీదే. ఈ ఘనత బక్నెల్‌కు ఇచ్చేవాళ్లు ఎక్కువ. అంతకుముందే కెన్ లిటిల్‌డైక్ అనే ఉపాధ్యాయుడు చిన్న తెడ్డు పడవలను ఇలాగే కట్టాడనే కథనం మరింత నమ్మదగినదిగా ఉంది. బక్నెల్ దాన్ని ఇంటింటికీ చేర్చాడు.

పడవను కుట్టడం తెలుగు తీరానికి మాత్రం వింత కాదు. అలల్లోంచి సరుకు ఒడ్డుకు చేర్చిన మసూలా పడవలో మేకు అనేదే ఉండదు. చెక్కలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు, లోపల చట్రం కూడా ఉండేది కాదు. అల కొట్టినప్పుడు పడవ విరగకుండా వంగేది. మచిలీపట్నం పేరు మీదే దానికి ఆ పేరు వచ్చిందంటారు. మరో వ్యుత్పత్తి చెప్పేవాళ్లూ ఉన్నారు. తేడా ఒక్కటే: అక్కడ బలం తాడుది, ఇక్కడ జిగురుది.

ప్లైవుడ్డును కుట్టి అతికే ఈ పద్ధతి పొరుగున తమిళనాట పొట్టకూటి పడవగా మారింది. కట్టుమరానికి కావలసిన పెద్ద దుంగలు దొరక్క, ధర పెరిగి జాలర్లు ఇబ్బంది పడుతున్న రోజులవి. 1980ల తొలి ఏళ్లలో కన్యాకుమారి జిల్లా ముట్టంలో కొట్టార్ సోషల్ సర్వీస్ సొసైటీ పడవల కేంద్రం నడిపింది. పియర్ జిల్లే అనే ఇంజినీరు అక్కడి కుర్రాళ్లతో కలిసి ప్లైవుడ్డును కుట్టి, అతికి, ఇసుకలో దిగగలిగే పడవలు కట్టాడు. ఆ అనుభవాన్ని 1985లో పుస్తకంగా రాశాడు. చిన్న పని ఎంత కష్టమో దాని పేరే చెబుతుంది. తర్వాత దక్షిణ కేరళ తీరంలోనూ మత్స్యకార సమాఖ్యల పడవల షెడ్లలో ప్లైవుడ్ పడవలు తయారయ్యాయి. ఆంధ్ర తీరంలో మటుకు ఫైబర్ తెప్పలదే పైచేయి అయింది.

పల్నాడులో కట్టదలచినవాళ్లు ముందు చూడాల్సింది షీటు మీది ముద్ర. భారతీయ ప్రమాణాల్లో మెరైన్ ప్లైవుడ్‌ది ఐఎస్ 710. ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొర విడవకూడదన్నది దాని పరీక్ష. ఐఎస్ 303 ముద్ర ఉన్నది సామాను పనికి చాలు, పడవకు చాలదు. అంచు వెంట చూపు సాగించి, లోపలి పొరల మధ్య ఖాళీలున్న షీటును పక్కన పెట్టాలి. ఖాళీలో చేరిన నీరు బయటికి రాదు, చెక్కను కుళ్లబెడుతుంది. చిన్న పడవకు 6 మిల్లీమీటర్ల మందం సరి. కిచెన్ పనికి నిలవ ఉంచేది ఎక్కువగా 19 మిల్లీమీటర్లది కాబట్టి, పలుచని షీటు ముందుగా చెప్పి తెప్పించుకోవాల్సి రావచ్చు. 8 అడుగులు, 4 అడుగుల 6 మిల్లీమీటర్ల షీటు గుర్జన్ చెక్కదైతే 12 కిలోల పైచిలుకు తూగుతుంది. విదేశీ నమూనాలు తేలికైన ఒకూమే చెక్కను లెక్కలో పెట్టుకుని గీసినవి, అందులో అదే షీటు 8, 9 కిలోలే. ఈ తేడా పట్టించుకోక, పడవ నీళ్లలో మరీ లోతుగా కూర్చుంటోందని నమూనాను తప్పుపట్టడం పరిపాటి.

వడ్రంగులు రోజూ వాడే తెల్ల జిగురు నీళ్లలో నానే అతుకులకు నిలవదు, ఎపాక్సీ కావాలి. ఇక్కడ రెంటచింతల ఎండ అడ్డొస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరది. కలిపిన ఎపాక్సీ 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేస్తే, ప్రతి 10 డిగ్రీలకూ ఆ సమయం సగమవుతుందన్నది పనివాళ్ల మోటు లెక్క. 45 దగ్గర మిగిలేది ఏడెనిమిది నిమిషాలు. కప్పులో ముద్దగా వదిలేస్తే తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. తెల్లవారుజామునే కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసుకోవాలి. అంతకంటే మంచి మాట, ఆ పని డిసెంబరు, జనవరుల్లో పెట్టుకోవడం.

తెరచాప కొయ్యకు వెదురు గెడ బాగానే పనికొస్తుంది. గుడ్డ సంగతి పల్నాడువాళ్లకు చెప్పాల్సిన పనిలేదు: మిర్చి కల్లాల్లో కాయ తడవకుండా కప్పే పట్టానే. దేశదేశాల్లో ఇంటి పడవలవాళ్లు తొలి తెరచాప కుట్టేది ఆ ప్లాస్టిక్ పట్టాతోనే. ఆప్టిమిస్ట్‌కు కావలసింది 3.3 చదరపు మీటర్లే. అంచు తాడు మీదుగా మడిచి కుట్టి, మూలల్లో ఇత్తడి కన్నాలు బిగించాలి. ఎండకు అది సాగి వంపు పోతుంది, ఒకటి రెండు సీజన్లకు మించి ఆశించకూడదు. చుక్కాని, పడవ మధ్య గాడిలోంచి నీళ్లలోకి దించే పలక ఏ మంచి వడ్రంగైనా చేయగలడు. ఆ దించే పలక లేకపోతే ఎదురుగాలికి ఏటవాలుగా సాగడం కుదరదు, పడవ పక్కకే కొట్టుకుపోతుంది. పడవ బోల్తాపడినా తేలడానికి మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లను లోపల కట్టేయాలి.

నీళ్లున్నది నాగార్జునసాగర్‌లో. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట వెనుక, నిండుగా ఉంటే సుమారు 285 చదరపు కిలోమీటర్ల జలాశయం. మాచర్ల మండలం విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలు తిరిగేదీ ఇందులోనే. కొండల మధ్య గాలి ఉన్నట్టుండి దిశ మారుస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు అది అనువైన చోటు కాదు. పైగా ఎగువ భాగం పులుల అభయారణ్యాన్ని ఆనుకుని ఉంది. నీటిపారుదల, పర్యాటక, అటవీ శాఖల అనుమతి లేకుండా దిగకూడదు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 దేశీయ నౌకల చట్టంలో ఇంజిన్ లేని పడవల ప్రస్తావన కూడా ఉంది. కుడి కాలువలోకి మాత్రం పడవ దించనే కూడదు: ప్రవాహం వడి ఎక్కువ, గట్టు పట్టు దొరకదు.

తెరచాప నడపడం నేర్చుకోవాలంటే దగ్గర్లో ఉన్నది హైదరాబాద్. 16వ శతాబ్దపు హుస్సేన్‌సాగర్‌లో సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ శిక్షణ ఇస్తాయి. అక్కడ పిల్లలు మొదట ఎక్కేది ఆ మొద్దు ముక్కు ఆప్టిమిస్టే.