జేబీపీఎం ఇంజనులో మానవకార్యములు, సెషనులు

జేబీపీఎం అనునది కార్యాలయములలో ఒకరి చేతి నుండి మరియొకరి చేతికి సాగు పనుల క్రమమును నడిపించుటకై జావా భాషలో రచింపబడిన వర్క్‌ఫ్లో ఇంజను. లెక్కలు క్షణములో ముగియును గాని, అప్పు దరఖాస్తును పరిశీలింపవలసిన అధికారి సెలవుపై పోయినచో ఇంజను వారముల తరబడి వేచియుండక తప్పదు. ఆ నిరీక్షణమును ఎచ్చట భద్రపరుపవలెను, అధికారి పని ముగించిన పిమ్మట ఏ సెషనును, అనగా ప్రక్రియ నడచుచున్న స్థితిని తనలో ఉంచుకొను ఇంజను భాగమును, మేల్కొల్పవలెను అను ప్రశ్నలే దీని నిర్మాతలను చిరకాలము వేధించినవి.

టామ్ బేయెన్స్ ఆరంభించిన ఈ ప్రాజెక్టు 2004లో జేబాస్ సంస్థను చేరెను. ఆ సంస్థను 2006లో రెడ్ హ్యాట్ కొనెను. 2010లో బేయెన్స్ వెడలిపోయి ఆల్ఫ్రెస్కో సంస్థలో ఆక్టివిటి అను వేరొక ఇంజనుకు పూనుకొనగా, జేబీపీఎం ఐదవ రూపము క్రిస్ వెర్లేనెన్ నాయకత్వమున డ్రూల్స్ అను నియమముల ఇంజనుకు చెందిన డ్రూల్స్ ఫ్లో పునాదిపై 2011లో వెలువడెను.

ఈ రూపమున మానవకార్యములకు డబ్ల్యూఎస్-హ్యూమన్‌టాస్క్ ప్రమాణము ఆధారమయ్యెను. పలువురు అర్హులున్న పని మొదట రెడీ స్థితిలో నుండును. అందొకరు దానిని స్వీకరింపగా రిజర్వ్‌డ్, ఆరంభింపగా ఇన్‌ప్రోగ్రెస్, ముగింపగా కంప్లీటెడ్ అగును. అర్హుడొక్కడే యైనచో అది రెడీలో నిలువక నేరుగా రిజర్వ్‌డ్ అగును. ఇంతవరకు చక్కనిదే. చిక్కంతయు ఈ మానవకార్యముల సేవను ఇంజను నుండి వేరొక సర్వరుగా నడపుటలో నుండెను. సెషను స్థితి డేటాబేసులో పదిలముగా నుండినను ఇంజనును ఆ సేవతో కలుపు హ్యాండ్లర్లు అందు నిలువవు. కావున ఇంజను నడచు సర్వరు ఆగి మరల లేచినపుడు ప్రోగ్రామరు సెషనును దాని సంఖ్యతో తిరిగి తెచ్చి హ్యాండ్లరును మరల నమోదు చేయనిచో, పట్టికలో పని కంప్లీటెడ్ అని కనబడుచుండగనే ప్రక్రియ మాత్రము పూర్వస్థానముననే నిలిచియుండెడిది.

2013లో వచ్చిన ఆరవ రూపము రన్‌టైమ్ మేనేజరను వ్యవస్థతో ఈ భారమును చాలవరకు తొలగించెను. అన్నిటికిని ఒకే సెషను, అభ్యర్థనకొక క్రొత్త సెషను, ప్రక్రియ కొకటి చొప్పున సెషను అను మూడు పద్ధతులు అందు గలవు. మొదటిది సులభమే గాని అభ్యర్థనలన్నియు ఒకదాని వెనుక నొకటి నిలువవలెను. నియమములతో పెనగొనిన దీర్ఘప్రక్రియలకు మూడవదియే తగినది.

ఇందుకు భిన్నముగా ఆక్టివిటియు, దానినుండి 2013లో చీలిన కముండాయు, 2016లో చీలిన ఫ్లోవబులును ఇట్టి సెషనును ప్రోగ్రామరుపై మోపలేదు. పని సంఖ్యను టాస్క్‌ సర్వీసునకు అందించిన చాలును. జేబీపీఎం మాత్రము సెషనును విడువలేకపోయెను, ఏలయన డ్రూల్స్ నియమములు పరిశీలించు వాస్తవములకు సెషనే నివాసము.