పోచారం దగ్గర ఒక రాత్రి గుడారంలో: కుటుంబంతో పోయేముందు చూసుకోవాల్సినవి

భిక్నూర్, కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కుటుంబాలకు అడవి, నీళ్లు, గుడారం అనగానే గుర్తొచ్చేది పోచారమే. మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, మెదక్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మంజీరలో కలిసే వాగు మీద 1916–1922 మధ్య, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ ఆనకట్ట కట్టారు. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాముల షికార్‌గాహ్. 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో చుక్కల దుప్పి, నీల్‌గాయ్, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత ఉన్నాయి. చలికాలంలో బాతులు, కొంగలు దూరదేశాల నుంచి వచ్చి నీటి మీద వాలతాయి. భిక్నూర్ వాళ్లు రామాయంపేట, మెదక్ మీదుగా పోవచ్చు. కామారెడ్డి వాళ్లకు లింగంపేట, ఎల్లారెడ్డి దారి ఉంది.

గుడారం ఎక్కడ వేయాలి

సొంత గుడారం తీస్కపోయి అడవిలో వేసుకుందాం అనుకుంటే కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27, 28 సెక్షన్ల ప్రకారం అభయారణ్యంలోకి అడుగు పెట్టాలంటేనే పర్మిట్ కావాలి. అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. మూడు రాళ్లు పెట్టి దేగ్చా ఎక్కించడం మన పిక్నిక్‌లో సగం సంబరం, నిజమే. కానీ చలికాలం మొదలయ్యేసరికి గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. హద్దు ఎక్కడ మొదలవుతుందో, బస సౌకర్యం ఏముందో మెదక్ లేదా కామారెడ్డి అటవీశాఖ కార్యాలయంలో వారం ముందే అడిగి, అనుమతి కాగితం చేతిలో పెట్టుకొని బయల్దేరండి. "అక్కడికి పోయి చూసుకుందాంలే" అనే ధీమా ఆడవాళ్లు, పిల్లలు వెంట ఉన్నప్పుడు పనికిరాదు.

కుటుంబాలకు మా సలహా: పగలంతా పోచారం దగ్గర గడపండి, రాత్రికి తెలిసినవాళ్ల పొలంలోనో మామిడి తోటలోనో గుడారం వేసుకోండి. బోరు, కరెంటు, మనిషి కాపలా ఉన్న తోట భిక్నూర్ చుట్టుపక్కల ఏ చుట్టానికో దోస్తుకో ఉండనే ఉంటుంది. పిల్లలకు కావాల్సింది నక్షత్రాల కింద పడుకోవడం. అది తోటలోనూ దొరుకుతుంది.

ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్ చూసి గుండ్రటి "యర్ట్" గుడారాల గురించి అడుగుతున్నారు. అవి కిర్గిజ్, కజక్ పశువుల కాపరులవి. వాటి తయారీ విద్యను 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. గొర్రె ఉన్నితో చేసిన ఆ మందపాటి గోడలు మంచు దేశాలకోసం. మన ఎండకు నూలు ఖైమా, షామియానా గుడ్డే మేలు.

నీటి విషయం

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది నీళ్ల గురించే. పోచారం నిండితే మత్తడి దుంకుతుంది. అది చూడ్డానికి జనం వస్తారు, పాచి పట్టిన రాయి మీద నిలబడి సెల్ఫీ తీస్కుంటారు. కాలు జారితే కింద పట్టుకోవడానికేమీ ఉండదు. మంజీర తీరు వేరు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా మన దగ్గరికొస్తుంది. ఇక్కడ మబ్బు తునక లేకపోయినా ఎగువన వాన పడి సింగూరు గేట్లు ఎత్తితే ఇక్కడి ఇసుక మేటలు మునుగుతాయి. నిజాంసాగర్ దిగువన కూడా అంతే. నది మధ్యలో ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ దస్తర్‌ఖాన్ పరవొద్దు, గుడారం అసలే వద్దు.

2025 ఆగస్టు చివర్లో ఏమైందో ఈ జిల్లావాళ్లు మరచిపోలేదు. 44వ నంబరు జాతీయ రహదారి తెగింది, భిక్నూర్–తలమడ్ల మధ్య రైలు పట్టాల మీద నీళ్లు పారాయి, పోచారం కట్టకు ఏమవుతుందోనని కింది ఊళ్లవాళ్లు భయపడ్డారు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ ప్రయాణమే పెట్టుకోవద్దు.

మునిగిపోయేవారిలో ఒకరిని కాపాడబోయి దూకిన రెండోవారు కూడా ఉంటారు. ఈత రానివారు దూకకూడదు. చున్నీలు ముడివేసి విసరండి, లేదా మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల డబ్బా విసరండి, అది తేలుతుంది. బుర్ఖా, సల్వార్ తడిస్తే బరువెక్కి మనిషిని కిందికి లాగుతాయి. అందుకే మోకాలి లోతు నీళ్లని తేలిగ్గా తీస్కోవద్దు. పిల్లలు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. వాళ్లను చూసే పని పెద్దవాళ్లలో ఒకరికి పేరు పెట్టి అప్పజెప్పండి, ఆ మనిషి ఫోన్ పక్కన పెట్టాలి.

నమాజ్, వుజూ

ఫజర్ వుజూకు చీకట్లో ఎవరినీ చెరువు గట్టుకు పంపొద్దు. నీళ్లు గుడారం దగ్గరే ఉండాలి. రసూలుల్లాహ్ (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరులోపే, వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. మనిషికి లీటరున్నర లెక్క వేసినా ఎనిమిది మందికి అసర్ నుంచి ఫజర్ దాకా నాలుగు పూటలకు 48 లీటర్లు, అంటే మూడు డబ్బాలు. తాగే నీళ్లు వేరేగా పెట్టుకోండి.

ఖిబ్లా విషయంలో చాలామంది సూర్యుడు మునిగిన దిక్కుకే నిలబడతారు. ఈ ప్రాంతం నుంచి ఖిబ్లా నేరు పడమరకు సుమారు 11 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు పడమరకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా మునుగుతాడు. అంటే తేడా 36 డిగ్రీలు. సిగ్నల్ ఉన్నప్పుడే ఫోన్‌లో చూసి, గుడారం గుంజలకు ఒక తాడు కట్టి దిక్కు గుర్తు పెట్టుకోండి. ఖస్ర్ గురించి కూడా అడుగుతుంటారు: హనఫీ లెక్కలో ప్రయాణ దూరం సుమారు 77–78 కిలోమీటర్లు. భిక్నూర్, కామారెడ్డి నుంచి పోచారం అంత దూరం లేదు కాబట్టి నమాజ్ పూర్తిగానే చదవాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవారికి దూరం దాటుతుంది. సందేహముంటే మీ మస్జిద్ ఇమామ్‌ను అడగండి.

ఎప్పుడు పోవాలి, ఏం తీస్కపోవాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మంచి కాలం. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరిలోకి జరిగింది. 2027లో రెండో వారానికే మొదలవ్వొచ్చు. ఆ వెంటనే పరీక్షలు. అందుకే సంక్రాంతి సెలవులే అందరికీ కుదురుతాయి. అప్పుడు మగ్రిబ్ ఆరు గంటల ప్రాంతంలోనే అవుతుంది కాబట్టి అసర్‌లోపే గుడారం నిలబెట్టాలి. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, నానీమా, దాదాజాన్ వస్తే రజాయి తప్పనిసరి.

ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని చోట రాత్రి ఉండొద్దు. వాళ్లు నీళ్లు తాగడం మానేసి ఓర్చుకుంటారు, నోరు తెరిచి చెప్పరు. స్థలం ఖాయం చేసేముందే ఇంటి ఆడవాళ్లతో ఒకసారి చూపించండి.

వంట ఇంట్లోనే చేస్కపోండి: బగారా ఖానా, దాల్చా, షామీ కబాబ్ చల్లారినా రుచిగానే ఉంటాయి. పచ్చి మాంసం తీస్కపోవడం దండగ. ఎముకలు, మిగిలిన అన్నం గుడారం దగ్గర పారేస్తే రాత్రి కుక్కలో అడవి జంతువులో వస్తాయి. సంచిలో కట్టి ఊరికి తెచ్చి పారేయండి. పొద్దున చెప్పులు దులిపి వేసుకోవాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు; ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, మెదక్ లేదా కామారెడ్డి ప్రభుత్వాసుపత్రికి తీస్కపోండి. ఎక్కడ ఉంటున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి రాసిచ్చి బయల్దేరండి.