రాతి అంచును వెంబడించు గణితము

కడప జిల్లా పులివెందుల ప్రాంతమున లింగాల, బ్రాహ్మణపల్లె పరిసరములలో రాతినార దొరకు పట్టీ ఒకటి కలదు. అక్కడి డోలమైటు పొరలను వేంపల్లె పేరిట 1872లో విలియం కింగ్ వర్ణించెను. 1934లో కూల్సన్ దత్తమండలపు రాతినారను గూర్చి ప్రత్యేకముగ వ్రాసెను.

పూర్వమెన్నడో కరిగిన శిల ఈ పొరల నడుమకు చొచ్చుకొని వచ్చినది. ఆ వేడికి సిలికాతో కూడిన నీరు డోలమైటులోనికి ఇంకి, సర్పెంటైను, కాల్సైటు ఏర్పడినవి; బొగ్గుపులుసు గాలి వెలువడినది. సర్పెంటైనులోని పోగులే రాతినార. మార్పంతయు రెండు శిలలు కలిసిన అంచున, సన్నని పట్టీలోనే జరిగినది.

ఇంకుట వ్యాపనము, మారుట రసాయన చర్య. వ్యాపన నియమమును ఫిక్ 1855లో తెలిపెను. దానికి చర్యను జోడించి, ముందుకు సాగు అంచు వేగమును 1937లో ఇంగ్లండున ఫిషరు, రష్యాలో కొల్మొగొరోవ్, పెట్రోవ్‌స్కీ, పిస్కునోవ్ కనుగొనిరి. మన సి. ఆర్. రావు ఈ ఫిషరు వద్దనే పరిశోధన చేసి 1948లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొందెను. ఇట్టి సమీకరణములనుండియే జీవుల చారలు, మచ్చలు పుట్టగలవని 1952లో ట్యూరింగ్ చూపెను.

పెక్కు సమీకరణములు కాగితముపై తేలవు. స్థలమును గడులుగా విభజించి కంప్యూటరుచే లెక్కింపవలెను. చిక్కు ఇక్కడనే కలదు. నూరు మీటర్ల రాతిలో అంచు మందము ఒక సెంటీమీటరు అనుకొందము. అంచులో పది గడులు ఉండవలెనన్న, అంతటను మిల్లీమీటరు గడులు వేసినచో లక్ష కావలెను. గడిని సగము చేసినచో, సామాన్య పద్ధతిలో కాలపు అడుగు నాలుగవ వంతగును. మూడు దిక్కుల లెక్కలో శ్రమ 32 రెట్లగును. గడులు పెద్దవైనచో అంచు వేగమే తప్పును.

రైతు పొలమంతటికి ఒకే తీరున నీరు పెట్టడు; ఎండిన మడికి ముందు పెట్టును. గణితజ్ఞులును అట్లే చేసిరి. దోషమును గడులకు సమముగ పంచు మార్గమును 1973లో డి బోర్ వివరించెను. 1981లో కీత్ మిల్లరు, రాబర్టు మిల్లరు గడుల బిందువులనే అంచుతో కదిలించిరి. 1984లో మార్షా బర్గరు, జోసెఫ్ ఒలిగరు అవసరమైన చోట సన్న గడులను పేర్చి, పని తీరిన పిదప తొలగించు పద్ధతిని తరంగ సమీకరణములకై రచించిరి. పిమ్మట అది వ్యాపన సమీకరణములకును వచ్చినది. గడులు మారునపుడు పదార్థపు మొత్తము మారకుండ చూచుకొనుట మాత్రము తప్పదు.

ఇది రాతి చరిత్రకే పరిమితము కాదు. నేలలోనికి ఇంకిన మాలిన్యమునకును ఇట్టి అంచే కలదు. నీటి ప్రవాహమును కూడ చేర్చి లెక్కింతురు. అంచు లెక్క తప్పినచో, విషము ఊరి బావిని చేరు దినము కూడ తప్పును.