చదరంగం ఆడే యంత్రాలకు ర్యాంకులు ఇచ్చిన కథ

చదరంగంలో మనుషుల్లో ఇప్పటిదాకా అందరికన్నా ఎక్కువ రేటింగు 2882. నార్వే దేశపు మాగ్నస్ కార్ల్‌సన్ 2014 మే నెలలో దాన్ని అందుకున్నాడు. ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అనే కంప్యూటరు ప్రోగ్రాముకు మాత్రం కొన్ని పట్టికల్లో 3600 ఆసుపాసు రాసి ఉంటుంది. ఇది చూసి మా తరగతిలో చాలామంది "యంత్రం కార్ల్‌సన్‌కన్నా 700 పాయింట్లు ఎక్కువ" అంటారు. అంత సులభంగా అనెయ్యవచ్చా? ఈ అంకెలు ఎవరు వేశారు, ఎలా వేశారు అనేది తెలుసుకుంటే ఆ మాట అనే ముందు కొంచెం ఆగుతాం.

ముందు రేటింగు సంగతి చూద్దాం. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అర్పాద్ ఎలో అనే ఆయన మిల్వాకీ నగరంలో భౌతికశాస్త్రం బోధించేవారు. మంచి చదరంగం ఆటగాడు కూడా. ఆయన తయారుచేసిన లెక్కను అమెరికా చదరంగం సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య 1970లో తీసుకున్నాయి. ఆనంద్, కోనేరు హంపి, గుకేశ్ పేర్ల పక్కన మనం చూసే అంకె ఈ పద్ధతిలోదే.

ఎలో లెక్కలో ముఖ్యమైనది ఇద్దరి మధ్య తేడా. ఇద్దరికీ ఒకే రేటింగు ఉంటే నూరు ఆటల్లో చెరి 50 పాయింట్లు వస్తాయని అంచనా. గెలిస్తే 1, డ్రా అయితే అర. ఒకరు 100 ఎక్కువ ఉంటే ఆయనకు 64, 200 ఎక్కువైతే 76, 400 ఎక్కువైతే 91 దాకా రావాలి. అనుకున్నదానికన్నా ఎక్కువ తెచ్చుకుంటే రేటింగు పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. అంటే ఇది త్రాసులో పెట్టి తూచిన బరువులాంటిది కాదు. ఎవరితో ఆడామో వాళ్లతో పోల్చి వచ్చే అంకె.

ఇక యంత్రాల దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ చదరంగం ఆడే ప్రోగ్రాము రాశాడు కానీ దాన్ని నడిపే కంప్యూటరు అప్పట్లో లేదు. 1952లో ఆయనే కాగితం పెన్సిలు పట్టుకుని, యంత్రం చేయవలసిన లెక్కంతా తానే చేస్తూ ఒక ఆట ఆడాడు. ఒక్కో ఎత్తుకు అరగంట పట్టేదట. చివరికి ఓడిపోయాడు. ఆ ఒక్క ఆటతో ఆ ప్రోగ్రాము బలం ఎంతో ఎవరు చెప్పగలరు?

1967లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రాసిన మాక్ హాక్ అనే ప్రోగ్రాము మనుషుల పోటీలో పాల్గొంది. మొదటి పోటీలో నాలుగు ఓటములు, ఒక డ్రా. కొన్ని నెలలకు ఒక మనిషిని ఓడించింది కూడా. మనకు లాగే దానికీ రేటింగు వచ్చింది. యంత్రం మొదటిసారి మన కొలతలోకి అడుగు పెట్టింది అప్పుడే.

మరుసటి సంవత్సరం, 1968లో, డేవిడ్ లెవీ అనే ఆటగాడు పదేళ్లలో ఏ కంప్యూటరూ తనను మ్యాచిలో ఓడించలేదని పందెం కట్టాడు. 1978లో టొరంటోలో చెస్ 4.7 అనే ప్రోగ్రామును మూడున్నర, ఒకటిన్నర తేడాతో ఓడించి పందెం నెగ్గాడు. అయితే మధ్యలో ఒక ఆట ఓడిపోయాడు. యంత్రాలు దగ్గరికి వచ్చేస్తున్నాయని అందరికీ తెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక చక్కని ప్రయోగం జరిగింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, జో కాండన్ ఒక యంత్రం చేశారు. దాని పేరు కూడా పలకడానికి బెల్లే. థాంప్సన్ ఆ యంత్రాన్ని దానితోనే ఆడించాడు. ఒక వైపు నాలుగు ఎత్తుల ముందు దాకా మాత్రమే చూడాలి, ఇంకో వైపు ఐదు. తర్వాత ఐదుకు ఆరు, అలా పైకి. ఒక్క ఎత్తు అదనంగా చూసినందుకు సుమారు 200 పాయింట్ల బలం పెరిగిందని తేలింది. ప్రోగ్రాము అదే, తెలివీ అదే, ఎక్కువ లోతుగా చూసేందుకు వీలు దొరికిందంతే. కాబట్టి యంత్రం రేటింగు చెప్పేటప్పుడు ఎంత సమయం ఇచ్చారు, ఎలాంటి కంప్యూటరు మీద నడిపారు అన్నది కూడా చెప్పాలి.

ఈ పనిని ఓపికగా చేసినవాళ్లు స్వీడన్ వాళ్లు. అక్కడి చదరంగం కంప్యూటర్ల సంఘం 1984 నుండి రేటింగు పట్టిక వేస్తూ వచ్చింది. అప్పట్లో చదరంగం కంప్యూటరంటే బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టె. సంఘం సభ్యులు ఇంట్లో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని, ఒకటి వేసిన ఎత్తును చేత్తో రెండోదానిలో వేసేవారు. ఒక్కో వైపు 40 ఎత్తులకు 2 గంటలు! ఒక ఆట ముగిసేసరికి పూట గడిచిపోతుంది. జీతం లేకుండా అలా వేల ఆటలు ఆడించారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. మొదట్లో మనుషులతో ఆడించి ఆ పట్టికకు ఆధారం వేశారు. తర్వాత యంత్రాలు యంత్రాలతోనే ఆడుతూ పోయాయి. అంకెలు మనుషుల అంకెలకన్నా పైకి పోయాయనిపించి, 2000 సంవత్సరంలో ఆ సంఘం పట్టికలో అందరికీ 100 పాయింట్లు తగ్గించింది. ఆ రోజు ఏ యంత్రమూ బలహీనం కాలేదు, కొలబద్ద మాత్రమే కిందికి జరిగింది. పట్టికలో ఒకదానికొకటి ఉన్న తేడాలు అలాగే ఉన్నాయి. ఇప్పటి 3600ను కార్ల్‌సన్ 2882తో నేరుగా తీసివేయకూడదని నేను అనడానికి కారణం ఇదే. రెండూ వేరే వేరే గుంపుల్లో పుట్టిన అంకెలు. యంత్రమే బలమైనది, అందులో అనుమానం లేదు. ఎంత బలమైనది అన్నది మాత్రం ఈ తీసివేతతో తేలదు.

1997లో న్యూయార్కులో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది అందరికీ తెలుసు. రెండు గెలుపులు, ఒక ఓటమి, మూడు డ్రాలు. చరిత్రలో అది పెద్ద సంఘటన. కానీ పరీక్షగా చూస్తే ఆరే ఆటలు! ఒక రూపాయి బిళ్లను పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడవచ్చు. నూరుసార్లు ఎగరేసినా 60 బొమ్మలు పడడం వింతేమీ కాదు. సమానమైన ఇద్దరు నూరు ఆటలు ఆడి, డ్రాలు లేకుండా 60-40తో ముగిస్తే, ఎలో లెక్కలో అది 70 పాయింట్ల తేడాలా కనబడుతుంది. నిజానికి తేడా సున్నా!

అందుకే ఇప్పటివాళ్లు ఆటలు లెక్కలేనన్ని ఆడిస్తారు. స్టాక్‌ఫిష్‌లో చిన్న మార్పు చేయాలన్నా 2013 నుండి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు ఉంది. ఎన్నో దేశాల స్వచ్ఛంద సేవకులు తమ కంప్యూటర్లను అందుకు ఇస్తారు. పాత ప్రోగ్రాము, కొత్త ప్రోగ్రాము వేలకొద్దీ ఆటలు ఆడుకుంటాయి. ఒకటి రెండు పాయింట్ల మేలు నిజమా కాదా తేల్చడానికి పదివేల ఆటలు దాటిన సందర్భాలు ఎన్నో. ఆట మొదట్లోని ఎత్తులు ముందే నిర్ణయించి, ఒకసారి తెల్లపావులతో, ఒకసారి నల్లపావులతో ఆడిస్తారు. తెల్లవాళ్లకు మొదటి ఎత్తు లాభం ఉంటుంది కదా, అది ఇద్దరికీ సమానంగా పంచాలి.

చివరిగా ఒక ఉదాహరణ. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ వారి ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలు ఆడి 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదని ప్రకటించారు. అంటే 64 పాయింట్లు, అంటే 100 రేటింగు తేడా. కానీ ఒక్కో ఎత్తుకు కచ్చితంగా ఒక నిమిషమే ఇచ్చారని, అది స్టాక్‌ఫిష్‌కు సరిపడే పద్ధతి కాదని చాలామంది అన్నారు. 2018లో వచ్చిన వ్యాసంలో, మామూలు పోటీల్లో లాగా సమయం ఇచ్చి 1000 ఆటలు ఆడించిన లెక్క చూపారు. ఆల్ఫాజీరో 155 గెలిచింది, 6 ఓడింది, మిగిలినవి డ్రా. ఇది 574 పాయింట్ల 50 పైసలు! నేను లెక్క కట్టి చూస్తే తేడా సుమారు 52 వచ్చింది. గెలిచింది ఆల్ఫాజీరోనే, కానీ పరీక్ష పద్ధతి మారితే తేడా దాదాపు సగమైంది.

ఇదంతా మాకెందుకు అని మీరు అడగవచ్చు. మా బడిలో చదరంగం ఆడేవాళ్లం పన్నెండు మందిమి. జూలైలో చీటీలు తీసి జతలు కట్టుకుని, తలా ఐదు ఆటలు ఆడాం. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఒక్కటే గెలిచి చివరన వచ్చాడు. "నాకు బుర్ర లేదక్కా" అని బోర్డు దగ్గరికి రావడమే మానేశాడు. కానీ ఆ ఐదింటిలో మూడు ఆటలు మొదటి మూడు స్థానాల వాళ్లతో పడ్డాయి. నాలుగింటిలో నల్లపావులే వచ్చాయి. యంత్రాలకే వేల ఆటలు కావాలంటే, మనిషికి ఐదు ఆటలతో తీర్పు చెప్పేస్తామా? 25 మార్కుల పరీక్ష ఒక్కటి రాసి వచ్చిన ర్యాంకు కూడా దాదాపు ఇలాంటిదే. దాన్ని చూసి పిల్లల్ని తిట్టే ముందు ఇంట్లో పెద్దలు ఈ సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు మేము ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. ప్రతి ఆటకూ ఎవరితో, ఏ పావులతో, ఎంత సమయంలో, ఫలితం ఏమిటి అని నాలుగు గడులు. జతలు చీటీలతో కాదు, అందరితో అందరూ రెండేసిసార్లు, రంగులు మార్చి. లెక్కల సారు నెలకోసారి రేటింగు వేయిస్తారు. తమ్ముడు మళ్లీ ఆడుతున్నాడు. అతని పేరు పక్కన ఇంకా 12 ఆటలే ఉన్నాయి. ఏ మాటైనా చెప్పడానికి అవి చాలవు.